డాబా కారుతోందా? మా రాయవరం మేస్త్రీ మాట వినండి!

వానాకాలం వస్తోందంటే మీరు ముందుగా ఏం సిద్ధం చేసుకుంటారు? గొడుగులా? ఎండబెట్టిన ఒరుగులూ, ఊరుమిరపకాయలూ డబ్బాల్లోకి ఎత్తుకుంటారా? మా అమ్మ మాత్రం రెండేళ్ళపాటు బకెట్లు సిద్ధం చేసుకుంది. వంటింట్లో పొయ్యిగట్టు పక్కన ఒకటి, దేవుడి గూటి ముందు ఒకటి, నడవలో పాత ఇత్తడి గంగాళం. నవ్వకండి! ఈ పేజీ చదివే వాళ్ళలో వానొస్తే మంచం పక్కకి జరుపుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు.

డాబా అంటే మగవాళ్ళకి ఇంటి పైకప్పు. మనకో? అది ఇంకో వంటగది. వడియాలు పెట్టేది అక్కడే, మామిడి తాండ్ర ఎండేది అక్కడే, పసుపు కొమ్ములూ, కారం మిరపకాయలూ ఆరేది అక్కడే. సాయంత్రం పనులన్నీ అయ్యాక కాస్త గాలి పీల్చుకుని పక్కింటి పిన్నితో పిట్టగోడ మీదుగా నాలుగు మాటలు చెప్పుకునేదీ అక్కడే. అలాంటి డాబా మా అమ్మకి ఏడాదిపాటు లేకుండా పోయింది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఈ వేసవిలో నేను పడ్డ పాట్లు మీకు చెబుదామని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మా పుట్టింటి ఊరు

మా పుట్టిల్లు ఎస్. రాయవరం. ఆ 'ఎస్' ఏమిటని మా అత్తవారి వైపు వాళ్ళు పెళ్ళయిన కొత్తలో అడిగేవారు. సర్వసిద్ధి రాయవరం అని పూర్తి పేరు. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక అనకాపల్లి జిల్లా. 'కన్యాశుల్కం' రాసిన గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టింది మా ఊళ్ళోనే. అది వారి అమ్మగారి పుట్టిల్లు. ఆయన పేరు చెబితే అందరూ విజయనగరం అంటారు గానీ, పురిటికి పుట్టింటికే కదండీ వచ్చేది! అందుకే మా ఊరి ఆడవాళ్ళం 'ఆయన మా ఊరి మనవడు' అని గర్వంగా చెప్పుకుంటాం.

మేముండేది రాజమండ్రిలో. తుని దాటి, తాండవ వంతెన దాటి, పాయకరావుపేట, నక్కపల్లి మీదుగా హైవే మీద బస్సు పరుగెడుతుంటే కిటికీలోంచి కొబ్బరి తోటలూ, చెరుకు చేలూ కనబడగానే నాకు ప్రాణం లేచొస్తుంది. అడ్డరోడ్డులో దిగి ఆటో ఎక్కడం. లక్క బొమ్మల ఏటికొప్పాక మాకు దగ్గరే. రేవుపోలవరం సముద్రతీరం మా మండలంలోదే. చిన్నప్పుడు కార్తీక మాసంలో స్నానాలకి బళ్ళు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఆ సముద్రపు గాలి ఎంత హాయిగా ఉంటుందో, ఇంటికి అంత శత్రువని నాకు ఈ మధ్యనే తెలిసింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మా ఇల్లు ముందు సగం పెంకుటిల్లు, వీధి అరుగూ, వెనక సగం డాబా. 1986లో నాన్నగారు ఆ డాబా వేయించారు. పంట డబ్బులకి తోడు అమ్మ రెండు గాజులు కూడా అందులో కలిశాయి. అందుకని అమ్మకి అది ఉత్త శ్లాబు కాదు. నాన్నగారు పోయి ఎనిమిదేళ్ళయింది. అమ్మ ఒక్కతే ఉంటోంది. తమ్ముడు హైదరాబాద్‌లో.

అమ్మ జారిపడింది

వంటింటి కప్పు చెమ్మగిలడం మొదలైనప్పుడు, అంటే రెండేళ్ళ కిందట, తమ్ముడూ నేనూ ఫోన్‌లోనే మాట్లాడుకుని పట్నం నుంచి ఒక కంపెనీ వాళ్ళని పంపించాం. పేరెందుకు లెండి. ఫోన్ చేసిన మూడో రోజే తెల్ల చొక్కాలతో ఇద్దరు దిగారట. ఒక్కరోజులో డాబా అంతా నల్లటి పూత పూసి, పదేళ్ళ గ్యారంటీ కాగితం చేతిలో పెట్టి, 26,000 తీసుకుని వెళ్ళిపోయారు. అమ్మ వాళ్ళకి పులిహోర చేసి పెట్టింది కూడా!

ఆ ఏడు భాద్రపదానికి పూత బొబ్బలెక్కింది. కార్తీకానికి అరటి పట్టలా ఊడొచ్చింది. దాని కింద నీళ్ళు నిలిచి, నిలిచిన చోటల్లా పాచి పట్టింది. గ్యారంటీ కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే, 'మేడమ్, మా మనిషి వస్తాడు' అన్నారు. ఆ మనిషి ఇప్పటికీ రాలేదు.

పోయిన ఏడు శ్రావణ శుక్రవారం నాడు, ఆరేసిన చీర తీద్దామని డాబా ఎక్కిన అమ్మ ఆ పాచి మీద జారిపడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. పక్కింటి పిన్ని చూడబట్టి సరిపోయింది గానీ... తలుచుకుంటే ఇప్పటికీ నా కాళ్ళు వణుకుతాయి. తమ్ముడొచ్చి మెట్ల తలుపుకి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. 'ఇంక ఈ ఇల్లు అమ్మేద్దాం అక్కా, అమ్మని నాతో తీసుకుపోతాను' అన్నాడు. వాడి ప్రేమ వాడిది. అమ్మ ఏమీ అనలేదు. కట్టు కట్టిన చేత్తో బకెట్టు కింద గుడ్డ సర్దుతూ కూర్చుంది. అమ్మ ఏమీ అనలేదంటే దానర్థం మీకు తెలుసు కదూ!

'ఒక్క వేసవి నాకివ్వరా. డాబా బాగైతే అమ్మ ఇక్కడే. కాకపోతే నీ ఇష్టం' అన్నాను. అన్నానే గానీ, సిమెంటుకీ నాకూ ఏం సంబంధం? ఇంటర్‌తో చదువాపేసి, పాతికేళ్ళుగా వంటిల్లు దిద్దుకుంటున్నదాన్ని!

మేస్త్రీని వెదకడం

ఉగాది వెళ్ళిన పది రోజులకి మావారికీ పిల్లలకీ పచ్చళ్ళూ పొడులూ సిద్ధం చేసిపెట్టి రాయవరం వెళ్ళాను. ఎవరిని పిలవాలి? ఈసారి ఫోన్‌లో అడగలేదు. కొబ్బరికాయల కొట్టు దగ్గరా, పాలకేంద్రం దగ్గరా, గుడి దగ్గరా అడిగాను. 'మీ డాబా కారుతోందా?' అని కాదండోయ్! 'మీ డాబా ఎవరు బాగుచేశారు? చేసి ఎన్ని వానాకాలాలయింది?' అని అడిగాను. ఈ ఒక్క ప్రశ్నతో సగం పేర్లు రాలిపోయాయి. ఎందుకంటే వేసవిలో చేసిన పని వేసవిలో బాగానే ఉంటుంది. రెండు వానలు చూసిన పనే పని.

మొదట వచ్చిన కుర్రాడు డాబా ఎక్కకుండానే ధర చెప్పేశాడు. సామానుకి మొత్తం డబ్బు ముందే కావాలన్నాడు. పైగా 'మగోళ్ళెవరూ రానేదా అమ్మా? ఆలొచ్చాక మాటాడుకుందాం' అన్నాడు. మన ఊరివాడైనంత మాత్రాన మంచి పనివాడు కావాలని లేదు సుమండీ! 'డబ్బిచ్చేది నేనే, మాట్లాడేదీ నేనే' అని పంపించేశాను.

రెండోసారి మూడిళ్ళవాళ్ళు ఒకే మనిషి పేరు చెప్పారు. అరవై దాటిన తాపీ మేస్త్రీ. రాగానే ధర మాట ఎత్తలేదు. 'తాళం తియ్యండి పాపా, ముందు పైకెల్లి సూద్దాం' అన్నాడు. తమ్ముడు పంపిన తాళంచెవితో తలుపు తీశాను. ఆయన పైకెక్కి ఒక చెంబుడు నీళ్ళు అడిగి, డాబా మధ్యలో పోశాడు. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తూ బీడీ కూడా వెలిగించకుండా గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళు దక్షిణం వైపు పారి, ట్యాంకు దిమ్మ దగ్గర ఆగిపోయాయి.

'పాపా, ఈ డాబాకి రెండు తూములుండాల. రెండోదేదీ?' అన్నాడు.

నాకేం తెలుసు? పుట్టి పెరిగిన ఇల్లే, ఏనాడూ లెక్కపెట్టలేదు!

'ఈ డాబా ఏసింది మా నాయనే. అప్పుడు నేను కుర్రోణ్ణి, తట్టలందించేవోణ్ణి. ఈశాన్యానికొకటి, దచ్చినానికొకటి పెట్టేం. సగం నీరు ఇలగ, సగం నీరు అలగ ఎల్లీది' అంటూ ట్యాంకు దిమ్మ వెనక పిట్టగోడ అడుగున ఉలితో కొట్టాడు. నాలుగు దెబ్బలకి సిమెంటు పెచ్చు ఊడింది. లోపల మట్టి, ఎండుటాకులు, పిచ్చుక గూడు... అదిగో గొట్టం!

2009లో ప్లాస్టిక్ ట్యాంకు పెట్టించినప్పుడు, దిమ్మ కట్టినవాళ్ళు ఆ తూము నోరు పూడ్చేశారు. అప్పటినుంచీ సగం డాబా నీళ్ళకి దారే లేదు. నిలిచి నిలిచి శ్లాబులోకి దిగుతున్నాయి. పట్నం వాళ్ళు ఆ నిలిచిన నీటి మీదే నల్లపూత పూసిపోయారన్నమాట. చెప్పొద్దూ, నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కిందకి వచ్చి అమ్మకి చెబితే, 'ఔనే, వానొస్తే అటువైపు జామచెట్టు మొదట్లో నీళ్ళు పడేవి. ఎప్పుడు ఆగిపోయాయో గమనించనేలేదు' అంది. కొత్త మనిషికి ఏ పుస్తకంలోనూ దొరకని సంగతి అది. పాత మేస్త్రీకి జ్ఞాపకం ఉంది.

పని ఎలా జరిగిందంటే...

మీకూ పనికొస్తుందని రోజువారీగా చెబుతాను.

మొదటి రెండు రోజులూ శుభ్రం చేయడమే. నల్లపూతంతా గీకేశారు. పాచి మీద బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు చల్లి, పావుగంట నానాక గట్టి చీపురుతోనూ, వైరు బ్రష్షుతోనూ తోమి కడిగేశారు. నేను తెలివిగా 'బాత్‌రూమ్ యాసిడ్ ఉంది, తెమ్మంటారా?' అన్నాను. మేస్త్రీ చెయ్యడ్డంపెట్టాడు. యాసిడ్ పాచితోపాటు సిమెంటునీ తినేస్తుందట. అంతకన్నా ముఖ్యం, బ్లీచింగ్ పౌడరూ యాసిడ్ కలిస్తే విషవాయువు పుడుతుంది. బాత్‌రూమ్‌లో కూడా ఈ రెండూ ఎప్పుడూ కలపకండి!

పిట్టగోడ మూలలో చూపుడువేలంత రావి మొక్క ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మా పెరటి కొబ్బరిచెట్టు ఆ గోడ మీద పడింది. అప్పటి పగులులో పక్షులు వేసిన గింజ అది. అమ్మ ఏటేటా గిల్లేస్తూనే ఉంది. పైన గిల్లితే కింద వేరు ఇంకా బలుస్తుందని మేస్త్రీ చెప్పాడు. గోడ అంత మేర విప్పి వేరుతో సహా తీసి, మళ్ళీ కట్టాడు. ఆ మొక్కని పారెయ్యకుండా అమ్మ చెరువుగట్టు మీద పాతించింది.

మూడో రోజు పగుళ్ళ పని. సన్నటి పగులు మీద సిమెంటు రాసేస్తే సరిపోతుందనుకుంటాం. కాదట. ఉలితో పగులును కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, తడిపి అప్పుడు నింపాలి. పిట్టగోడా డాబా కలిసేచోట సరిగ్గా మూల తేలకుండా గుండ్రంగా తిప్పాడు. నీళ్ళు ఎక్కువగా దిగేది ఆ మూలల్లోనుంచేనట.

నాలుగో రోజు వాటం. పాత గచ్చు మీద గాట్లు పెట్టి, సిమెంటు పాలు పోసి, ఒక పాలు సిమెంటుకి మూడు పాళ్ళు ఇసుక, నీళ్ళు దిగకుండా ఉండే మందు కలిపి వేశారు. పది అడుగుల దూరానికి ఒక అంగుళం పైచిలుకు వాలు ఉండాలి. మేస్త్రీ రసమట్టం పెట్టి చూశాడు గానీ, ఆఖరికి నమ్మింది చెంబుడు నీళ్ళనే! ఇసుక విషయంలో మాత్రం ఒక్క మాట. మాకు సముద్రం దగ్గర గదా అని కొందరు తీరం ఇసుక చవగ్గా తెస్తారు. అందులో ఉప్పుంటుంది. అది శ్లాబులో ఇనుప ఊచల్ని తుప్పు పట్టిస్తుంది. ఏటి ఇసుకే వాడాలి.

ఇందాక సముద్రపు గాలి శత్రువన్నాను కదా, కారణం కూడా ఆ ఉప్పే. వంటింటి సీలింగుని మేస్త్రీ కర్రతో తట్టుకుంటూ వెళ్ళాడు. ఒకచోట ఖంగుమంది, ఇంకోచోట డొల్లగా మోగింది. డొల్లగా మోగినచోట పెచ్చు తీస్తే, ఊచ ఎర్రగా ఉబ్బి ఉంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి, పెచ్చుల్ని తోసేస్తుంది. ఆ ఊచని మెరిసేదాకా గీకి, తుప్పు పట్టని రంగు వేసి, మళ్ళీ పూశాడు. మీ సీలింగు మీద గోధుమరంగు మరకలు గీతలా కనిపిస్తే ఆలస్యం చేయకండి. అది నీటి మరక కాదు, ఊచ మొర.

పని మధ్యలో మజ్జిగ తాగుతూ మేస్త్రీ వాళ్ళ నాన్న రోజుల సంగతి చెప్పాడు. సిమెంటు రాకముందు సున్నం గానుగాడించి, అందులో కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ, బెల్లం నీళ్ళూ కలిపి గచ్చు చేసేవారట. అనకాపల్లి బెల్లం అంటే అరిసెలకీ పాయసానికీ అనుకున్నాం గానీ, ఇళ్ళు కూడా తిన్నాయన్నమాట!

ఒక సంగతి ఒప్పుకోవాలి

శుభ్రం చేసిన ఆ రెండు రోజులూ, ఆ తర్వాత తట్టలు మోసిన మూడు రోజులూ పనిచేసింది ఇద్దరు ఆడవాళ్ళు. మేస్త్రీ భార్య, వాళ్ళ వీధిలో ఇంకొకావిడ. మగ కూలీకి రోజుకి 700, వాళ్ళకి 450 అని మేస్త్రీ ముందే చెప్పాడు. నేను సరేనన్నాను. సరేననడమే కాదు, మనసులో లాభమే అనుకున్నాను. దాచడం ఎందుకు?

మూడో రోజు సాయంత్రం మేస్త్రీ భార్య మెట్ల మీద కూర్చుని బ్లీచింగ్ నీళ్ళకి పగిలిన వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటోంది. అమ్మ నావైపు చూసి, 'నేను జారిపడిన పాచిని తోమింది ఆ చేతులేనే' అంది. అంతే. నాకు కంటిమీద కునుకు పట్టలేదు. మా ఇంట్లో నేను పొద్దుట్నుంచి రాత్రిదాకా చేసే పనికి లెక్కలేదని ఎన్నిసార్లు మావారి దగ్గర ఉక్రోషపడ్డాను! ఇక్కడ లెక్కగట్టే అవకాశం నా చేతికొస్తే నేను చేసిందేమిటి? సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం వచ్చింది. చట్టం మా డాబా దాకా ఎక్కలేదు.

మర్నాడు ఇద్దరికీ 700 చొప్పున మొదటి రోజునుంచీ లెక్కగట్టి ఇచ్చాను. రబ్బరు తొడుగులు కూడా కొనిచ్చాను, ఆలస్యంగానైనా. మేస్త్రీకి నచ్చలేదు. 'రేపు ఊరంతా నన్నడుగుద్ది పాపా' అన్నాడు. అడగనీయండి మరి!

నీళ్ళు కట్టి చూశాం

కొత్త సిమెంటుకి దాహం ఎక్కువ. గోనె సంచులు పరిచి వారం రోజులపాటు రెండు పూటలా తడిపాం. ఈ పని మాత్రం నేనే చేశాను. పొద్దున్నే ఎండెక్కకముందు, మళ్ళీ సాయంత్రం. ఇక్కడ బద్ధకిస్తే చేసిన పనంతా నెర్రెలిస్తుంది.

తర్వాత పరీక్ష. రెండు తూములకీ గుడ్డలు కుక్కి, రెండంగుళాల ఎత్తున నీళ్ళు నింపి, ఒక పగలూ ఒక రాత్రీ అలా ఉంచాం. పాతబడిపోయి ఊచలు బాగా దెబ్బతిన్న శ్లాబు మీద అంత బరువు పెట్టకూడదు, మేస్త్రీని అడిగే చేయాలి. ఆ రాత్రి అమ్మా నేనూ టార్చిలైటు పట్టుకుని మూడుసార్లు లేచి వంటింటి కప్పు చూశాం. పరీక్ష ఫలితాలకోసం కూడా నేను అంత ఎదురుచూడలేదంటే నమ్మండి! తెల్లారింది. కప్పు పొడిగా ఉంది. గుడ్డలు తీసేసరికి రెండు తూముల్లోంచీ నీళ్ళు ధారకట్టాయి. జామచెట్టు మొదట్లో నీళ్ళు పడుతుంటే అమ్మ పెరట్లో నిలబడి చూసింది.

చివర్లో తెల్లపూత వేయించాం. తెలుపు ఎండని వెనక్కి పంపేస్తుంది, కింద గదులు చల్లగా ఉంటాయి. తెలంగాణలో 2023లో ప్రభుత్వమే ఇలాంటి చల్లని పైకప్పుల కోసం ఒక విధానం తెచ్చింది. మన బామ్మలు డాబాకి సున్నం కొట్టించింది కూడా ఇందుకే.

మొత్తం ఖర్చు 24,600 అయింది. పట్నం కంపెనీకి ఇచ్చినదానికీ దీనికీ పెద్ద తేడా లేదు చూశారా! ఊరి మనిషి చవగ్గా చేస్తాడని పిలవకండి. కంపెనీ అయినా, ఊరివాడైనా, పూత పూసే ముందు నీటి దారి వెదికేవాళ్ళని పిలవండి. పని చెడితే మళ్ళీ మన గుమ్మంలోకి వచ్చి నిలబడే మనిషిని పిలవండి.

మీరు మేస్త్రీని పిలిచేముందు...

1. ముందు మీరే డాబా ఎక్కండి. వాన వెలిసిన గంటకి నీళ్ళెక్కడ నిలుస్తున్నాయో సుద్దముక్కతో గీత గీసి పెట్టుకోండి. ఆ గీతే మేస్త్రీకి మీరిచ్చే చీటీ.

2. తూములెన్నో లెక్కపెట్టండి. జాలీ లేకపోతే పెట్టించండి. మేలోనూ, మళ్ళీ తుఫానుల కాలానికి ముందు సెప్టెంబరులోనూ ఆకులూ మట్టీ తీయించండి.

3. రెండు వానాకాలాలు చూసిన పని ఒక్కటైనా కళ్ళారా చూశాకే మాట్లాడుకోండి.

4. డాబా కొలత మీరే టేపు పెట్టి తీసుకోండి. రోజుకూలీయా, మొత్తం పనికి గుత్తా అన్నది ముందే తేల్చుకుని నోటుపుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి.

5. సామాను మేస్త్రీ చెప్పినట్టు మీరే కొనండి. బిల్లులు దాచండి. అడ్వాన్సు మూడోవంతు మించనీయకండి. గుత్తకి ఇస్తే ఆఖరి భాగం నీళ్ళ పరీక్ష అయ్యాకే. రోజుకూలీ మాత్రం ఏ రోజుది ఆ రోజు, దీపాలు పెట్టేలోగా ఇచ్చేయండి.

6. తడి మీద ఏ పూతా నిలవదు. ఉగాది తర్వాత మొదలుపెట్టి, మృగశిర కార్తె రాకముందే ముగించండి. రోహిణి ఎండల్లో సిమెంటు పని పొద్దుటిపూటే చేయించండి.

7. పిట్టగోడ లేని అంచున పనివాళ్ళని నిలబెట్టకండి. తాగడానికి నీళ్ళూ, మజ్జిగా, కాసేపు నీడా మన బాధ్యత.

8. ఆడకూలీ ఎంత అని అడగకండి. కూలీ ఎంత అని అడగండి.

మొదటి వాన

పని పూర్తయ్యాక నేనింకా నాలుగు రోజులున్నాను. తాళం తమ్ముడికి తిరిగి పంపలేదు. అమ్మ మెట్ల చేతిగోడ పట్టుకుని నెమ్మదిగా ఎక్కి, తెల్లటి డాబా మీద పాత పంచె పరిచి, సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. కుడి మణికట్టు ఇంకా పూర్తిగా తిరగదు. అందుకని వడియాలు కొన్ని వంకరగా వచ్చాయి. ఒక డబ్బా నాకూ, ఒక డబ్బా తమ్ముడికీ కట్టింది. తమ్ముడు ఫోన్ చేసి, 'వడియాలందాయి అక్కా' అన్నాడు. ఇల్లమ్మే మాట ఎత్తలేదు. ఎప్పటికీ ఎత్తడని నేననను. అమ్మకి డెబ్భై దాటాయి. ఈ ఏడుకి మాత్రం ఎత్తలేదు.

జూన్ రెండో వారంలో ఒక రాత్రి పదింటికి అమ్మ ఫోన్ చేసింది. వెనకాల వాన హోరు వినిపిస్తోంది. నా గుండె ఝల్లుమంది.

'ఏమైందమ్మా? కారుతోందా?'

'లేదే. మేస్త్రీ వచ్చాడు. గోనెసంచి నెత్తిన కప్పుకుని పెరట్లో నిలబడి రెండు తూములూ చూసుకుంటున్నాడు. లోపలికి రమ్మంటే రాడు. కాస్త టీ పెడుతున్నాను' అంది.

ఫోన్ పెట్టేయబోతూ, 'అన్నట్టు, బకెట్లు తోమి బోర్లించేశాను' అంది.

మీరూ ఈ ఆదివారం వంటయ్యాక ఒక్కసారి డాబా ఎక్కి చూడండి. చేతిలో చెంబుడు నీళ్ళు మాత్రం మరిచిపోకండి!